బావ బైకు మీద సముద్రానికి పోవాలా, వద్దా?

ప్రశ్న: అక్కా, మాది తిరుపతి. పెళ్లయి రెండేళ్లయింది. మా ఆయన నాకు మేనత్త కొడుకే. బావకు బైకంటే ప్రాణం, కిందటేడు కంతుల మీద కొత్త బండి తీసుకున్నాడు. సంక్రాంతి అయ్యాక ఒక శని, ఆదివారం ఇద్దరమే వాకాడు దగ్గర తూపిలిపాళెం పోదామంటున్నాడు. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరంట. నేను సముద్రాన్ని చిన్నప్పుడు మద్రాసులో ఒక్కసారి చూశాను, అంతే. పోవాలని నాకూ ఉంది. కానీ పోయినసారి తలకోనకు తీసుకుపోయినప్పుడు ఎంత వేగంగా నడిపాడంటే దారి పొడవునా కళ్లు మూసుకుని కూర్చున్నాను, మూడు రోజులు నడుం పట్టేసింది. నిదానంగా పో అంటే "నా మీద నమ్మకం లేదా" అని మొహం చిన్నబుచ్చుకుంటాడు. అత్తేమో "అక్కడేముంది, ఇసక తప్ప? కొండకు పోయి రండి" అంటోంది. పోవాలా, వద్దా? పోతే రాత్రికి ఆ ఊళ్లో ఉండొచ్చా? – ఒక చెల్లెలు, తిరుపతి

సమాధానం: చెల్లీ, పో. సముద్రాన్ని చూడాలని ఉంది, తీసుకుపోతానని మొగుడు తనంతట తనే అంటున్నాడు, నూట ఇరవై కిలోమీటర్ల లోపే ఉంది, ఇంకేం కావాలి? కానీ తలకోనకు పోయినట్టు మాత్రం పోవద్దు. నీ ఉత్తరంలో సముద్రం గురించి రెండు ముక్కలే ఉన్నాయి, మిగిలిందంతా ఆ వెనక సీటు గురించే. అందుకే ముందు దాని గురించే మాట్లాడతాను.

బండి నడిపేవాడికి గుంత ముందే కనిపిస్తుంది. చేతిలో హ్యాండిల్ ఉంటుంది, కాలి కింద బ్రేకు ఉంటుంది, ఒళ్లు దానికదే సర్దుకుంటుంది. వెనక కూర్చున్న మనిషికి కనిపించేది అతని వీపు ఒక్కటే. గుంత వచ్చిందని నడుముకు తగిలాకే తెలుస్తుంది, లారీని దాటుతున్నాడని పక్కన దాని చక్రం కనిపించాకే తెలుస్తుంది. ఒకే బండి మీద, ఒకే వేగంలో పోతున్నా ముందు వాళ్లకు నలభైలో ఉన్నట్టు, వెనక వాళ్లకు ఎనభైలో ఉన్నట్టు అనిపించేది అందుకే. ఇది నమ్మకానికి సంబంధించిన విషయం కాదు. మీ బావకు ఈ మాటే చెప్పు, ఇలాగే చెప్పు. మా ఆయనకు నేను ఏడాదిపాటు చెప్పినా ఎక్కలేదు. ఒకరోజు మా తమ్ముడి బండి వెనక కూర్చుని రేణిగుంట దాకా పోయి వచ్చి, దిగీ దిగగానే మా తమ్ముణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఆయన నా వైపు చూసి ఆపేశాడు. ఆరోజు నుంచి మా బండి వేగం మారింది. నీకు స్కూటీ వస్తే ఒక సాయంత్రం మీ బావను వెనక కూర్చోబెట్టుకుని అలిపిరి దాకా తీసుకుపో. కావాలని భయపెట్టొద్దు, మామూలుగా నడుపు చాలు.

ఇంకో సంగతి. నా కుడి పిక్క మీద రూపాయి బిళ్లంత మచ్చ ఉంది. పెళ్లయిన కొత్తలో శ్రీకాళహస్తి పోతూ ముప్పై అయిదు కిలోమీటర్లు నోరు మూసుకుని కూర్చున్నాను. కాళ్లు తిమ్మిరెక్కాయి, అయినా ఆపమనలేదు, కొత్త పెళ్లికూతురికి మొహమాటం. గుడి దగ్గర ఆపగానే గబుక్కున కుడి పక్కకు దిగాను. తిమ్మిరెక్కిన కాలు సైలెన్సర్‌కు ఆనుకున్న సంగతి కూడా ఒక్క క్షణం తెలియలేదు. తెలిసేసరికి తోలు లేచిపోయింది. దర్శనం లేదు, ఏమీ లేదు, మందుల షాపులో బర్నాల్ రాయించుకుని వెనక్కి వచ్చాం. అప్పుడు ఆయన అడిగింది ఒకే మాట: "కాళ్లు తిమ్మిరెక్కాయని చెప్పొచ్చు కదా?" చెప్పొచ్చు. కానీ నడుస్తున్న బండి మీద, గాలి హోరులో, రెండు హెల్మెట్ల మధ్య ఏ మాటా వినపడదు. గట్టిగా అరిస్తే కోపంగా ఉన్నట్టుంటుంది, మెల్లగా చెబితే గాలికి పోతుంది.

కాబట్టి మాటలు ఇంట్లోనే అయిపోవాలి. బయలుదేరడానికి వారం ముందు, ఆయన అన్నం తిని తీరిగ్గా కూర్చున్నప్పుడు చెప్పు: "బావా, నాకు రావాలనే ఉంది. తలకోన దారిలో నాకు ఒక్క కొండ కూడా కనిపించలేదు, కళ్లు మూసుకునే ఉన్నాను. ఈసారి దారంతా చూస్తూ రావాలి." ఇందులో ఆయన నడపడాన్ని తప్పుపట్టే మాట లేదు, ఉన్న విషయమే ఉంది. ఆ తర్వాత గుర్తులు పెట్టుకోండి. భుజం మీద ఒకసారి తడితే నిదానించాలి, రెండుసార్లు తడితే పక్కకు తీసి ఆపాలి. ఎందుకని అడక్కూడదు, ఆపాకే అడగాలి. నలభై కిలోమీటర్లకు ఒకసారి ఆగడం ఎలాగూ ఉండాలి, నీ కాళ్లు బాగున్నా సరే.

ఇదంతా ఒప్పుకున్నాక కూడా నేరుగా సముద్రానికి పోవద్దు. ముందు ఒక ఆదివారం పొద్దున శ్రీకాళహస్తి దాకా పోయి, టిఫిన్ తిని వెనక్కి రండి. నువ్వు తట్టినప్పుడల్లా ఆపాడా, తడితే విసుక్కున్నాడా, అక్కడే తెలిసిపోతుంది. విసుక్కుంటే సముద్రానికి నాయుడుపేట దాకా బస్సులో పోండి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోండి. సముద్రం బస్సులో పోయినవాళ్లకు కూడా అంతే కనిపిస్తుంది. మనిషి మారకపోతే బండెక్కవద్దు అని నేను గట్టిగానే చెబుతున్నాను.

ఇక ప్రయాణం. మీ బావ వేసిన లెక్క శనివారం పొద్దున తూపిలిపాళెం, రాత్రి అక్కడే, ఆదివారం తిరుగు ప్రయాణం అయ్యుంటుంది. దాన్ని తిరగేయమని చెప్పు. ఎందుకంటే మన తిరుపతి ఇళ్లలో శనివారం నీచు ముట్టం. మీ అత్త కూడా మేనత్తే కాబట్టి మీ ఇంట్లో ఆ పట్టింపు రెండింతలు ఉంటుంది. చేపలు పట్టే ఊరికి శనివారం పోయి, ఎదురుగా వల నిండా వంజరం, నెత్తళ్లు, ఎండ్రకాయలు పడి ఉంటే పెరుగన్నం తిని రావడం ఎందుకు? శనివారం పక్షులు చూడండి, ఆదివారం సముద్రానికి పోండి.

శనివారం శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట చేరండి. అక్కడ గది తీసుకుని, సామాను పడేసి, కాసేపు నడుం వాల్చి, సూళ్లూరుపేట వైపు పోండి. దారిలో దొరవారిసత్రం దగ్గర నేలపట్టు ఉంది. చెరువు నీళ్లలో నిలబడిన చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటాయి, చలికాలంలో పోయినవాళ్లకు కనుల పండుగ. ఆ ఊరివాళ్లు పక్షుల్ని తరమరు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువులా పనిచేస్తాయని వాళ్లకు తరాలుగా తెలుసు. ఆ తర్వాత సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు. పద్దెనిమిది కిలోమీటర్లు, అందులో చాలా దూరం రెండు పక్కలా పులికాట్ నీళ్లే. చిలకా తర్వాత మన దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. మోకాలి లోతు నీళ్లలో ఫ్లెమింగోలు వరసగా తలలు వంచుకుని మేస్తుంటాయి. ఆ రోడ్డు మీద పక్కగాలి బలంగా కొడుతుంది, బండిని ఒక పక్కకు నెట్టినట్టు అవుతుంది, అక్కడ మీ బావ ఎంత మొనగాడైనా నిదానంగానే పోవాలి. చివర రాకెట్లు ఎగరేసే షార్ కేంద్రం గేటు దాకా పోయే పని పెట్టుకోవద్దు, మధ్యలోనే వెనక్కి తిరగండి. చీకటి పడకముందే నాయుడుపేట గదికి చేరిపోవాలి.

ఊళ్లోనే రాత్రి ఉండొచ్చా అని అడిగావు. వద్దు. తెలిసినవాళ్ల ఇల్లు ఉంటే వేరే సంగతి. అది నీలాంటి నాలాంటి వాళ్లు కాపురం చేసుకునే పల్లె, ఆడవాళ్లు ఆరుబయట పనులు చేసుకుంటుంటారు, మగవాళ్లు అర్ధరాత్రి దాటాక వేటకు పోయే పనిలో ఉంటారు. ముక్కూ మొహం తెలియని జంట ఒడ్డున టెంటు వేసుకుంటే వాళ్లకు అదొక కాపలా పని. ఒడ్డున సూర్యోదయం చూడాలని మీ బావ అంటాడు, నాకు తెలుసు. దానికోసం నాలుగింటికి చీకట్లో పల్లె రోడ్ల మీద బండి తీయొద్దు. సంక్రాంతి దాటినా పొద్దున మంచు ఉంటుంది, గేదెలు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి, కొత్త స్పీడ్ బ్రేకర్లకు తెల్ల గీతలు కూడా ఉండవు. తెల్లగా తెల్లవారాక బయలుదేరి, మల్లాం, వాకాడు మీదుగా పోతే గంటన్నరలో ఒడ్డున ఉంటారు. పొద్దు పొడవడం నాయుడుపేట దాటాక పొలాల మీద చూడండి, అదీ బాగుంటుంది.

ఆ దారి గురించి ఒక మాట చెప్పాలి, నాకు ఇష్టమైన మాట. మన చంద్రగిరి, తిరుచానూరు పక్కన ఎండి ఇసకగా కనిపించే స్వర్ణముఖి ఉంది చూడు, అదే మీకు తోడు వస్తుంది. శ్రీకాళహస్తి గుడి వెనక కనిపిస్తుంది, నాయుడుపేట దగ్గర కనిపిస్తుంది, వాకాడు దగ్గర బ్యారేజీలో నీళ్లతో కనిపిస్తుంది. ఆ తర్వాత సముద్రంలో కలిసిపోతుంది. చిన్నప్పటి నుంచి బస్సు కిటికీలోంచి వంతెన కింద చూస్తూ వచ్చిన ఏరు ఎక్కడికి పోతుందో నేను ముప్పై ఏళ్లు దాటాక చూశాను. బ్యారేజీ దగ్గర తప్పకుండా ఆగండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మార్చినప్పుడు ఆ ఒడ్డు తిరుపతి జిల్లాలోకి వచ్చిందని, కొండ మీది స్వామి జిల్లాకు సముద్రం కూడా ఉందని మీ అత్తకు చెప్పు.

ఊరికి చేరాక ముందు బండిని ఎక్కడ పెట్టాలో అడగండి. ఎవరో ఒకరు సరుగుడు చెట్ల కింద చూపిస్తారు. తడి ఇసక గట్టిగా ఉంది కదా అని అలల దాకా బండి తీసుకుపోయి ఫోటో దిగాలని మగవాళ్లకు ఉంటుంది. పైన గట్టిగా ఉంటుంది, ఆపిన రెండు నిమిషాలకు వెనక చక్రం దిగబడుతుంది, యాక్సిలరేటర్ ఇచ్చే కొద్దీ ఇంకా లోపలికి పోతుంది. మేమూ చేశాం ఆ పని. అల వచ్చి చైను దాకా తడిసింది. వల సర్దుకుంటున్న నలుగురు పని ఆపి వచ్చి, "ఇంజన్ ఆపుమ్మా ముందు" అని, ఇద్దరు ముందు, ఇద్దరు వెనక పట్టి ఎత్తి బయట పెట్టారు. వాళ్ల పని అరగంట ఆగింది మా ఫోటో కోసం. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు. పొడి ఇసకలో నిలబెట్టినా సైడ్ స్టాండు మెల్లగా దిగబడి బండి పడిపోతుంది, దాని కింద చదునైన రాయో చెక్కముక్కో పెట్టాలి. ఇంటి నుంచే ఒక చెక్కముక్క తీసుకుపోండి, ఒడ్డున రాళ్లు దొరకవు.

వలలు చూసుకుని నడవండి. ఇసక మీద పరిచి ఆరబెట్టిన వల ఎండలో ఇసక రంగులోనే ఉంటుంది, దగ్గరికి పోయేదాకా తెలియదు. దాన్ని తొక్కడం అంటే మన ఇంట్లో ఎవరో చెప్పులతో వంటింట్లోకి వచ్చినట్టు. పడవ ఎక్కి ఫోటో దిగాలంటే అడగండి, ఎక్కమంటే చెప్పులు విప్పి ఎక్కండి. మనకు తాతయ్యగుంట గంగమ్మ ఎలాగో, వాళ్లకు సముద్రమే గంగమ్మ. దురాయి అనే మాట అక్కడ వినిపిస్తే ఊరి పెద్దలు కలిసి పెట్టిన కట్టుబాటు అని అర్థం, దానికి ఎదురు మాట్లాడకూడదు. 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ ఈ తీరాన్ని కూడా వదల్లేదు. ఆ మాట వాళ్లు ఎత్తితే కూర్చుని వినండి, మీరుగా అడగొద్దు.

పొద్దున పడవలు వచ్చే వేళకు అక్కడ ఉంటే నువ్వు చూడాల్సింది అలలు కాదు, వల విడదీయడం. నేను ఒకసారి గంటసేపు దాని పక్కనే కూర్చున్నాను. ఒక పెద్దావిడ కాళ్లు చాపుకుని, వల మడతను ఒడిలోకి లాక్కుని, కన్నులో ఇరుక్కున్న నెత్తల్ని బొటనవేలితో తలవైపు నొక్కి, ఒక్క విదిలింపుతో బయటికి తీస్తోంది. చూడ్డానికి మల్లెమొగ్గ తుంచినంత తేలిక. నేను ప్రయత్నిస్తే నాలుగు చేపలకు మూడు చేతుల్లోనే చితికిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు, నా చేతిలోంచి వల తీసుకుని, "వెనక్కి లాగితే మొప్ప పట్టుకుంటాది మే, ముందుకే తొయ్యాల" అంది. ఎండ్రకాయ తగిలితే మాత్రం కొండెలు విరిచేసి తీస్తారు, వల తెగితే నష్టం ఎక్కువ. పక్కనే వేలం పాట, ఐసు పెట్టెలు, ధర కుదరక ఎవరో కేకలు. ఆ సమయంలో వాళ్లకు అడ్డం పోకండి, మొహం మీద ఫోను పెట్టకండి, అడిగి తీసుకుంటే ఎవరూ కాదనరు.

చేపలు అక్కడే కొని, వండి పెడతారా అని ఎవరినైనా అక్కా అని పిలిచి అడగండి. ఒప్పుకుంటే కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి, పెట్టింది తిని డబ్బు ఇవ్వకుండా వచ్చేయొద్దు, వాళ్లు వద్దన్నా పిల్లల చేతిలోనైనా పెట్టండి. ఒకవేళ మీ ప్రయాణం వాయిదా పడుతూ ఎండాకాలానికి పోతే ఒకటి గుర్తుంచుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మన తూర్పు తీరంలో మరపడవల మీద చేపల వేట నిషేధం, గుడ్లు పెట్టే కాలమని. అప్పుడు పోతే మరపడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, ఈ సందడి ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు మీకు అసలే వద్దు, తుపాన్ల కాలం. సంక్రాంతి తర్వాత అని మీరు అనుకున్నది సరైన సమయమే.

నీళ్లలో దిగే విషయం మాత్రం సీరియస్‌గా చెబుతున్నాను. మోకాళ్ల దాకా, అంతే. మీ బావకు ఈత వచ్చినా అంతే, బావిలో ఈత వేరు, సముద్రం వేరు. అలలన్నీ తెల్లగా విరుగుతుంటే మధ్యలో ఒక చోట మాత్రం విరగకుండా, కాస్త మట్టిరంగులో, ప్రశాంతంగా కనిపిస్తుంది. అక్కడ బాగుందని అందరూ అటే పోతారు. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోయే దారి అదే. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, అలిసిపోయి మునిగేది అందుకే. ఒడ్డు వెంబడే పక్కకు ఈదితే ఆ లాగుడు నుంచి బయటపడతారు, అప్పుడు అల మీద ఒడ్డుకు రావచ్చు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దిగొద్దు. ఎక్కడ దిగొచ్చో ఊళ్లో అడగండి, వాళ్లు చెప్పిన చోటే దిగండి.

ఆడపిల్లవి కాబట్టి ఇంకొన్ని, ఇవి మీ బావకు తోచవు. ఒడ్డున బాత్రూం ఉంటుందని అనుకోవద్దు, బట్టలు మార్చుకునే చోటు కూడా ఉండదు. నాయుడుపేటలో గది ఖాళీ చేసే ముందే పని చూసుకుని బయలుదేరు, వాకాడులో పెట్రోలు బంకు కనిపిస్తే అక్కడ ఇంకోసారి. అలాగని నీళ్లు తాగడం మానొద్దు, ఎండలో తల తిరుగుతుంది. ముదురు రంగు కాటన్ చుడీదార్ వేసుకో. చున్నీ మాత్రం తీసి సంచిలో పెట్టేయ్, లేదంటే రెండు కొసలూ నడుముకు ముడి వేసి పైన జాకెట్ వేసుకో. వెనక చక్రంలో చున్నీ చుట్టుకుని మెడకు బిగిసిన వాళ్ల గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. చీర అసలు వద్దు. బ్యాగు నీ వీపుకు తగిలించుకోవద్దు, రెండు గంటలు ఆ బరువు మోస్తే మళ్లీ మూడు రోజుల నడుం నొప్పే, ట్యాంకు మీదో వెనక పక్కనో కట్టించు. ఎక్కడం, దిగడం ఎప్పుడూ ఎడమ పక్క నుంచే, ఎందుకో నా మచ్చ సంగతి చదివావు కదా.

బండి సంగతి మీ బావకు తెలిసే ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే వెనక టైరులో గాలి ఎంత ఉండాలో చైను కవరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది, ఒక్కరికి పెట్టే గాలితో పోవద్దు. ఇంటికి రాగానే ఆ రాత్రే మంచినీళ్లతో కడిగి చైనుకు నూనె పెట్టాలి, ఉప్పుగాలి పట్టిన చైను వారంలో ఎర్రబడుతుంది.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం భోజనం కాగానే పెట్టుకోండి. నాలుగున్నర దాటిందంటే నాయుడుపేట నుంచి మన వైపు వచ్చేటప్పుడు ఎండ నేరుగా కళ్లలోకి కొడుతుంది, పడమర దిక్కుకు కదా వచ్చేది. ముందు పోయే ట్రాక్టర్ కూడా సరిగా కనిపించదు. పైగా కడుపు నిండా పులుసన్నం తిని ఉంటారు, నిద్ర వస్తుంది. వస్తే శ్రీకాళహస్తిలో టీ తాగి అరగంట కూర్చోండి, కబుర్లు చెప్పుకోవడానికి పోయినవాళ్లే కదా.

అత్త విషయానికి నేను పెద్దగా భయపడను. ఆమె వద్దన్నది సముద్రాన్ని కాదు, ఆ బండిని అని నా అనుమానం. కొడుకు ఎలా నడుపుతాడో ఆమెకు తెలియదా? "అత్తా, శ్రీకాళహస్తిలో ఒకసారి, నాయుడుపేటలో ఒకసారి, వాకాడులో ఒకసారి ఫోన్ చేస్తాం, రాత్రికి నాయుడుపేటలో గదిలో ఉంటాం" అని చెప్పు, చెప్పినట్టు చెయ్. వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్లు అరకేజీ తీసుకురా. రెండు కవర్లలో చుట్టి, మూతి బిగించి, బండి పక్కన వేలాడదీయాలి, బట్టల సంచిలో పెడితే వాసన పోదు. సోమవారం నీచు తినరేమో కనుక్కుని ఆమె ఏరోజు వండమంటే ఆరోజు వండు.

ఇక ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది. నీకంటూ ఒక హెల్మెట్ కొనుక్కోవాలి. ఆయన పాతది, ఆయన స్నేహితుడిది కాదు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, మొహం మొత్తం కప్పేది కావాలి, తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్ విడిగా కదలకూడదు, పట్టీ బిగించాక గడ్డం కింద రెండు వేళ్లు మాత్రమే పట్టాలి. షాపుకు ఇద్దరూ పోండి. తల మీద పెట్టుకుని చూసేది నువ్వే, జడ వేసుకుని ఉంటావో ముడి వేసుకుంటావో అలాగే పోయి చూసుకో, ముడి మీద హెల్మెట్ కూర్చోదు. అది కొన్న తర్వాతి ఆదివారం శ్రీకాళహస్తి.